పిన్ను వంగిన ప్రాసెసర్‌కి పుత్తూరు కట్టు

తమ్ముడూ, నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. ఉండేది చిత్తూరులో. కంప్యూటర్ సిస్టం నాలుగేళ్ళది, రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు, విడిగా గ్రాఫిక్స్ కార్డు. ఎండలు ముదిరాక ఫ్యాను గోల ఎక్కువైందని, దుమ్ము దులుపుదామని ప్రాసెసర్ మీది కూలర్ స్క్రూలు విప్పి పైకి లాగావు. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేసింది, కంగారులో చేయి జారి గచ్చు మీద పడింది. ఒక మూల ఆరేడు పిన్నులు వంగాయి, వాటిని షేవింగ్ బ్లేడుతో నిలబెట్టి మళ్ళీ బిగించావు. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ స్క్రీన్ నల్లగానే ఉంది. "అన్నా, ప్రాసెసర్ పోయినట్టేనా, కొత్తది కొనాలా" అని అడిగావు.

పోయిందని ఇప్పుడే తీర్మానించొద్దు. తిరుపతిలో ఈ రిపేరు పనిలో పదిహేడేళ్ళ నుంచి ఉన్నాను, నా బల్ల మీదికి ఇలా వచ్చినవాటిలో పిన్ను విరగకుండా కేవలం వంగినవి చాలావరకు మళ్ళీ లేచాయి. కొన్నిట్లో అయితే అసలు గొడవ పిన్నులది కానే కాదు, తిరిగి బిగించేటప్పుడు టెన్షన్‌లో చేసిన ఇంకేదో పొరపాటుది. కాబట్టి ముందు ప్లగ్ పీకెయ్. ఇప్పుడైనా వస్తుందేమో, ఇప్పుడైనా వస్తుందేమో అని బటన్ నొక్కుతూ కూర్చోవద్దు. రెండు పిన్నులు లోపల ఒకదాన్నొకటి తగులుతూ ఉండి, అందులో ఒకటి కరెంటుదీ ఇంకొకటి గ్రౌండుదీ అయ్యుంటే, ఇప్పటిదాకా బతికున్న బోర్డుని కూడా నువ్వే చేతులారా పోగొట్టుకుంటావు.

ప్రాసెసర్ ఊడి రావడం పూర్తిగా నీ తప్పు కూడా కాదులే. నీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటుని ఏఎం4 సాకెట్ అంటారు, అందులో ఆ చిన్న లివర్ పిన్నుల్ని పక్క నుంచి పట్టుకుంటుంది అంతే, పైన ప్రాసెసర్‌ని అదిమిపెట్టే చట్రం ఏదీ లేదు. వేడి దాటడానికి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు నాలుగేళ్ళు కాగి గట్టిపడి బంకలా పట్టేసుకుంటుంది, నువ్వు నిలువుగా లాగితే లివర్ పట్టుకన్నా పేస్టు పట్టే గెలుస్తుంది. 2022లో వచ్చిన ఏఎం5లో పిన్నుల్ని బోర్డు మీదికి మార్చి, ప్రాసెసర్ పైన ఇనుప చట్రం పెట్టారు కాబట్టి అందులో ఈ బాధ లేదు. ఏఎం4 వాడేవాళ్ళు మాత్రం కూలర్ తీసే ముందు ఒక పది నిమిషాలు ఏదైనా గేమ్ ఆడి సిస్టంని వేడెక్కించి, ఆపేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాలి. జారినట్టు తెలిశాకే పైకి ఎత్తాలి.

సరే, ఇప్పుడు విప్పి చూడు. మనవైపు చెయ్యి విరిగితే పుత్తూరు పరిగెత్తుతాం కదా, అక్కడ కట్టు కట్టేవాళ్ళు ముందు చేత్తో తడిమి, బెణికిందా, చిట్లిందా, విరిగిందా తేల్చుకున్నాకే బద్దలు పెడతారు. ఇదీ అంతే, ఎక్కడ ఏమైందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. నాలుగు సెంటీమీటర్ల చదరం ముక్కలో 1331 పిన్నులు ఉంటాయి, మామూలు కంటికి అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. నాకు నలభై అయిదు దాటాయి, అందుకే నగలు చేసే ఆచారులు కంటికి బిగించుకునే భూతద్దం ఒకటి కొనుక్కున్నాను. నీకు ఫోన్ కెమెరా చాలు, ఫోటో తీసి పెద్దది చేసి చూసుకో.

చూసే పద్ధతి చెప్తాను. ప్రాసెసర్‌ని అంచుల దగ్గర పట్టుకుని కంటి ఎత్తుకి తెచ్చి, వెనక తెల్ల కాగితం పెట్టి, వరసల మధ్య నుంచి చూడు. నాటు వేసిన మడి గట్టు మీద నిలబడి చూస్తే సాళ్ళ మధ్య సందులు చివరిదాకా కనిపిస్తాయి చూడు, అట్లా ప్రతి సందూ ఆ చివరి దాకా తెల్లగా కనిపించాలి. ఎక్కడైనా సందులోకి నల్లగా ఒక చుక్క పొడుచుకొస్తే అక్కడ పిన్ను పక్కకి వాలిందన్నమాట. నాలుగు వైపుల నుంచీ ఇట్లాగే చూడాలి, ఒక వైపు నుంచి నిటారుగా కనిపించేది ఇంకోవైపు నుంచి చూస్తే వంకరగా ఉండొచ్చు. నువ్వు బ్లేడు ఒకే దిక్కున తిప్పి ఉంటావని నా అనుమానం, అలా చేస్తే వరస తిన్నగా అవుతుంది గానీ అదే వరసలో పిన్నులు ముందుకో వెనక్కో వాలి ఉండిపోతాయి.

వాలినదాన్ని లేపడానికి నాకు బాగా నచ్చిన పనిముట్టు 0.5 మెకానికల్ పెన్సిల్, అందులో ములుకు తీసేసి ఖాళీగా. ఆ చిన్న గొట్టం పిన్ను నెత్తిన టోపీలా దిగుతుంది. దిగాక ఒకేసారి నిలబెట్టెయ్యొద్దు, కొంచెం లేపు, తీసి చూడు, మళ్ళీ కొంచెం లేపు. పిన్ను పూర్తిగా పడుకుని ఉంటే పెన్సిల్ దూరదు, అప్పుడు కుట్టుసూది మొనని కిందికి దూర్చి కాస్త లేపి, ఆ తర్వాత పెన్సిల్ వాడు. కట్టుతీగని రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే తెగిపోవడం చూసే ఉంటావు, పిన్నూ అంతే, మొదటిసారి ఓర్చుకుంటుంది, అదే పిన్నుని మళ్ళీ మళ్ళీ సరిచేస్తే మొదలు దగ్గర పుటుక్కుమంటుంది. అందుకే ఇప్పటికే ఒకసారి లేపినవాటిలో నిజంగా వంకర ఉన్నవాటినే ముట్టుకో. అందంగా ఉండాల్సిన పనిలేదు, రంధ్రంలో దిగితే చాలు.

పిన్నుల మధ్య పేస్టు కూడా చూసుకో. మామూలు తెల్ల పేస్టు, బూడిదరంగు పేస్టు కరెంటుని పోనివ్వవు కాబట్టి షార్ట్ కాదు, కానీ పిన్నుకీ సాకెట్ లోపలి రేకుకీ మధ్య చేరితే తగలాల్సింది తగలదు. పేస్టు బదులు పూసే ద్రవ లోహం, లిక్విడ్ మెటల్ అయితే కథ వేరు, అది షార్ట్ చేస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి టూత్ బ్రష్ ముంచి, పిన్నులు నిలువుగా ఉన్న దిక్కునే మెల్లగా తట్టినట్టు రుద్దు, పక్కలకి తోమొద్దు. శానిటైజర్ వాడకు, దాంట్లో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి. ఆరడానికి పావుగంట వదిలెయ్.

తర్వాత తిరిగి పెట్టేటప్పుడు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లివర్ పూర్తిగా పైకి ఎత్తు. ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీద త్రికోణం గుర్తు ఉన్న మూలకే అది రావాలి. పైన వదిలితే తన బరువుకి తనే చతికిలపడాలి. వేలితో నొక్కావంటే ఇంతవరకు చేసిందంతా బూడిదలో పోసినట్టే. ఒక మూల ఎత్తుగా నిలబడితే ఆ మూలలో ఒక పిన్ను ఇంకా రంధ్రానికి ఎదురుగా లేదని అర్థం, తీసి మళ్ళీ చూడు. నాలుగు పక్కలా సమంగా కూర్చున్నాకే లివర్ దించు.

ఇంత చేసినా స్క్రీన్ రాలేదనుకో. ఇప్పుడు కారణాలు ఒక్కొక్కటే తప్పించుకుంటూ రావాలి.

మొదట నవ్వొచ్చే కారణం. 3600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు. మానిటర్ కేబుల్‌ని బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐలో పెడితే ఏడు కొండలూ ఎక్కి మొక్కినా బొమ్మ రాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. యూనివర్సిటీ హాస్టల్ పిల్లవాడొకడు ఇట్లాంటి కేసే తెచ్చాడు, మూడు రోజులు నిద్రపోలేదట, కేబుల్ మార్చి చూపించాను, వాడు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక నిలబడిపోయాడు. అలాగే ప్రాసెసర్‌కి పైమూల నుంచి వచ్చే 8 పిన్నుల కేబుల్. బోర్డు విప్పినప్పుడు అది తీసి, పెట్టడం మర్చిపోతే ఫ్యాన్లు ఎప్పట్లాగే తిరుగుతాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంటే ఉండదు. కార్డుకి పైన విడిగా కేబుల్ ఉంటే అది కూడా చూడు. ర్యాములు క్లిక్‌మని దిగాయా చూడు.

తర్వాత బోర్డుని క్యాబినెట్‌లోంచి బయటికి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టు. వేలాడే ముసలి హార్డ్ డిస్కులు, యూఎస్‌బీలు, ముందు ప్యానెల్ వైర్లు అన్నీ పీకెయ్. ఎస్‌ఎంపీఎస్ (కరెంటిచ్చే పెట్టె), ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, అంతే ఉండాలి. పాత పేస్టు తుడిచి కొత్తది శెనగ బద్దంత పెట్టు, కూలర్ లేకుండా ఒక్క సెకను కూడా ఆన్ చెయ్యకు. బటన్ బదులు బోర్డు మీద పవర్ స్విచ్ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకిస్తే చాలు. అంతకంటే ముందు ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ పీకి అయిదు నిమిషాలు ఆగి పెట్టు. బయోస్ (ఆన్ చెయ్యగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తాయి. ఆ బ్యాటరీ నాలుగేళ్ళదే కదా, వోల్టేజ్ 3 దగ్గర లేకపోతే మార్చేసెయ్.

ఇప్పుడు లైట్లు చూడు. చాలా బోర్డుల్లో సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. లేకపోతే బోర్డుకి గుచ్చే చిన్న బజర్ ఒకటి కొను, చాలా చవక, అది కూసే లెక్కని బట్టి తెలుస్తుంది. నేను మొట్టమొదట చేసే పరీక్ష ర్యాములు రెండూ తీసేసి ఆన్ చెయ్యడం. అప్పుడు డ్రామ్ లైటు వెలిగినా, బజర్ ర్యామ్ లేదని కూసినా నాకు సగం ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే ర్యామ్ లేదని గుర్తుపట్టాలంటే ప్రాసెసర్ ఆ మాత్రం పని మొదలుపెట్టి ఉండాలి. సీపీయూ లైటు దగ్గరే ఆగిపోతే మాత్రం మళ్ళీ పిన్నుల దగ్గరికి పోవాల్సిందే.

డ్రామ్ లైటు దగ్గర ఆగుతుంటే ఒక్క ర్యామ్‌తో రెండు వైపులా చూడు. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో ఒకసారి, నాలుగో దాంట్లో ఒకసారి. ర్యామ్‌ని నడిపే యంత్రాంగం ప్రాసెసర్ లోపలే ఉంటుంది, దానికి రెండు దారులు, ఒక్కో దారికి పిన్నులు వేరు వేరు. ఒక దారి పిన్ను తగలకపోతే ఆ వైపు స్లాట్లు మూగబోతాయి, రెండోవైపు పెడితే చక్కగా ఆన్ అవుతుంది. ఈ ఒక్క పరీక్ష చెయ్యక ఎన్ని ప్రాసెసర్లని చెత్తబుట్టలో వేశారో. వీజీఏ లైటు దగ్గర ఆగితే గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌కి పోయే పిన్నులు అనుమానించు, బోర్డు మీద రెండో పొడుగు స్లాట్ ఉంటే కార్డు అందులో పెట్టి చూడు.

ఫ్యాన్లు తిరగకుండా పూర్తిగా చచ్చినట్టుంటే, లేదా రెండు సెకన్లు తిరిగి ఆగి మళ్ళీ తిరుగుతుంటే, అది షార్ట్ లక్షణం, లేదంటే ఎస్‌ఎంపీఎస్ బలహీనం. ఎస్‌ఎంపీఎస్‌ని బోర్డు నుంచి విడదీసి, 24 పిన్నుల కేబుల్లో పచ్చ వైరుకీ పక్క నల్ల వైరుకీ చిన్న తీగ పెట్టి స్విచ్ వేస్తే దాని ఫ్యాను తిరగాలి. వైర్లన్నీ నల్లగానే ఉండే రకం అయితే 16వ పిన్ను ఏదో పక్కాగా తెలుసుకున్నాకే చెయ్యి. తర్వాత అన్నీ పీకేసిన బోర్డు మీద, ఆ 8 పిన్నుల సాకెట్లో మల్టీమీటర్ పెట్టు. నాలుగు 12 వోల్ట్‌వి, నాలుగు గ్రౌండువి. వాటి మధ్య ఎడతెగకుండా బీప్ మోగితే బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటిచ్చే భాగంలో ఏదో కాలింది. ప్రాసెసర్ తీసేశాక కూడా మోగుతుంటే ఇక బోర్డు రిపేరు సంగతే, అందులో స్నేహితుడి ప్రాసెసర్ మాత్రం పెట్టొద్దు.

మార్చి చూసేటప్పుడు కూడా ఒక వరస ఉంది. ఫ్రెండ్ దగ్గర అదే రకం సిస్టం ఉందని వాడి మంచి ప్రాసెసర్ తెచ్చి నీ బోర్డులో పెట్టడం తేలికే, కానీ నీ బోర్డు చెడి ఉంటే వాడిది కూడా పోయే ప్రమాదం ఉంది. పిన్నులన్నీ తిన్నగా ఉన్నాయని తేలాక, నీ ప్రాసెసర్‌ని ఎవరిదైనా పాత చవక ఏఎం4 బోర్డులో పెట్టి చూడడమే నాకు ఇష్టం. ఆ బోర్డు బయోస్ 3000 సిరీస్‌ని ఎరిగి ఉండాలి సుమా, 2017 నాటి బయోస్‌తోనే ఉన్న బోర్డులో అయితే మంచి 3600 కూడా లేవదు. షాపులో మేం చేసేది అదే, ఇందుకనే మూల ఒక ముసలి ఏ320 బోర్డుని పెంచి పోషిస్తున్నాను.

ఇక విరిగితే? ఏఎం4కి ముందటి ఏఎం3 సాకెట్ కాలంలో నాకే జరిగింది, చెప్తాను. బిల్లింగ్ సిస్టం ఒకటి వచ్చింది, రెండు పిన్నులు వాలి ఉన్నాయి. అప్పుడు నాకు పెన్సిల్ సంగతి తెలియదు, ఇంట్లో ఉన్న ట్వీజర్‌తో గట్టిగా పట్టి లేపాను, ఒకటి లేచింది, రెండోది ట్వీజర్‌లో ఉండిపోయింది. చెమటలు పట్టాయి. అలాగే పెట్టి ఆన్ చేస్తే వచ్చింది! ఒక వైపు ర్యామ్ మాత్రం కనిపించలేదు. కస్టమర్‌కి చెప్పకుండా ఇచ్చెయ్యొచ్చు, ఎందుకో మనసొప్పలేదు, చెప్పి, సెకండ్ హ్యాండ్‌ది నా డబ్బుతోనే తెచ్చి వేశాను. ఆ నెల ఇంట్లో ఏం చెప్పుకున్నానో వదిలెయ్.

అలా రావడంలో మాయేమీ లేదు. అన్ని పిన్నుల పనీ ఒకటి కాదు. చాలా పిన్నులు గ్రౌండువే, చాలా పిన్నులు ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే కోర్లకి కరెంటిచ్చేవే, వాటిలో ఒకటి పోయినా మిగిలినవి ఆ భారం మోస్తాయి, తేడా కూడా తెలియదు. ర్యామ్‌దో కార్డుదో పోతే ఆ దారి పోతుంది. కొన్ని మాత్రం ఒక్కటి పోయినా సిస్టం లేవనే లేవదు. ఏఎం4 పిన్ మ్యాప్ నెట్‌లో దొరుకుతుంది, నీది ఏదో అందులో వెతుక్కో. ఆ బొమ్మ పైనుంచి చూసినట్టు గీశారా, పిన్నుల వైపు నుంచి చూసినట్టు గీశారా అనేది ముందు త్రికోణం బట్టి తేల్చుకో, లేకపోతే అద్దంలో చూసినట్టు కుడి ఎడమై ఇంకెక్కడో ఉన్న పిన్ను లెక్కలోకొస్తుంది. విరిగిన ముక్క ఎక్కడుందో కూడా చూసుకో. సాకెట్ రంధ్రంలో ఇరుక్కుంటే సూదితో మెల్లగా కదిలించి తీయాలి, బోర్డు మీద పడి ఉంటే అదే షార్ట్ అవుతుంది.

కొత్త పిన్ను అతికించడం సాధ్యమే, మైక్రోస్కోప్ కింద సోల్డరింగ్ చేసేవాళ్ళు ఉన్నారు, చెడిపోయిన ప్రాసెసర్ నుంచి పిన్ను తెచ్చి పెడతారు. కానీ పక్క పిన్నుల సోల్డర్ కరగకుండా చెయ్యాలి. మొబైల్ రిపేర్ షాపులో సోల్డరింగ్ ఐరన్ ఉంది కదా అని ఇవ్వకు. సాకెట్ రంధ్రంలో సన్న రాగి తీగ ముక్క వేసి పని జరిపించిన వీడియోలు నేనూ చూశాను, ఆ తీగ ఒక్క పొర పక్కకి జారితే ఏమవుతుందో తలుచుకుంటే నాకు చెయ్యి ఆడదు. నాలుగేళ్ళ 3600కి అంత సాహసం అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్‌ది చూసుకోవడమే మేలు. వారంటీలో ఇద్దామనుకుంటే, పిన్ను వంగడం విరగడం కిందపడిన దెబ్బ కిందికి వస్తుంది, వారంటీలోకి రాదు.

కొనాల్సే వస్తే మనవాళ్ళందరిలాగే ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్ పోతావేమో. పో, కానీ బోర్డులో పెట్టి బొమ్మ చూపించాకే డబ్బులివ్వు, పిన్నులు నేను చెప్పినట్టు సందుల్లోంచి చూడు, ర్యామ్ రెండు వైపులా పెట్టించి చూడు. ఎలాగూ కొంటున్నాను కదా అని కొత్త తరం రైజెన్ 5 5600కి పోవాలనిపిస్తే ఒక మెలిక ఉంది. బీ450లో అది నడవాలంటే బయోస్ కొత్తదై ఉండాలి. బోర్డుకి ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేకపోతే అప్‌డేట్ చెయ్యడానికి పని చేసే పాత ప్రాసెసర్ కావాలి, నీది లేవకపోతే ఎవరినైనా బతిమాలాల్సిందే. ఒకవేళ నీ 3600 లేస్తే, ఆరోజే బయోస్ అప్‌డేట్ చేసేసుకో.

ఇంటెల్ వాళ్ళకి ఒక మాట, ఇది చదివి పెన్సిల్ తీస్తారేమో అని. అక్కడ 2004 నాటి 775 సాకెట్ నుంచీ ఈ సిస్టముల్లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి, అవి నిటారు పిన్నులు కావు, వంపు తిరిగిన స్ప్రింగు రేకులు. పెన్సిల్ పెడితే నాశనం. టార్చి వెలుగు ఒకే వాలులో వేసి చూస్తే అన్ని మొనలూ ఒకేలా తళుక్కుమంటాయి, మెరవని చోటో వేరే దిక్కున మెరిసే చోటో వంకర. సన్న సూదితో, అది వంగిన దిక్కుకి ఎదురుగా, వెంట్రుకవాసి కదిలించాలి. గుడ్డతో, ఇయర్ బడ్‌తో సాకెట్ తుడవద్దు, ఒక్క దూది పోగు పదిహేను రేకుల్ని పీకుతుంది.

మీ ఊర్లో ఎవరూ దొరక్క తిరుపతి తెచ్చే పనైతే ప్రాసెసర్‌ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని బస్సెక్కొద్దు. దానికి సాకెట్ కంటే భద్రమైన చోటు లేదు, లివర్ దించి అందులోనే ఉంచు, కూలర్ మాత్రం తీసి విడిగా తీసుకురా, ఆ బరువు బస్సు కుదుపులకి ఊగితే మళ్ళీ మొదటికొస్తుంది. బోర్డుని దాని కవర్లో వేసి అట్టపెట్టెలో ఒళ్ళో పెట్టుకో. ర్యాములు రెండూ, కార్డూ, ఎస్‌ఎంపీఎస్ కూడా తెచ్చుకో, అవి లేకుండా తెస్తే సగం పరీక్షలు చెయ్యలేం. విరిగిన ముక్క ఏదైనా దొరికి ఉంటే చిన్న మాత్రల కవర్లో వేసి దాన్నీ పట్టుకురా.